వచ్చిన తుప్పు, వేసిన తుప్పు

కారుకి కొత్త రంగు వేశాక, అది ఎండకి వెలిసిపోకుండా పైన క్లియర్ కోటు వేస్తారు. ఇది అందరికీ తెలిసిందే. అమెరికాలో పాత పికప్ ట్రక్కులకి ఇంకో రకంగా రంగు వేసేవాళ్ళున్నారు. డెబ్బై ఏళ్ళు ఎండకి ఎండి, వానకి తడిసి, రంగు లేచిపోయి, కింద తుప్పు తేలినట్టు కనపడేలా వేస్తారు. రోజుల తరబడి పొర మీద పొర వేసి, గీకి, రుద్ది, మళ్ళీ వేసి, అంతా అయ్యాక దాని మీద కూడా క్లియర్ కోటే కొడతారు. ఎండకి పాడైనట్టు వేసిన రంగు నిజంగా ఎండకి పాడైపోకూడదు కదా!

వినగానే నవ్వొస్తుంది. కానీ నవ్వేసి వదిలేస్తే ఒక మంచి ప్రశ్న చేజారిపోతుంది. పాతదనం అంటే వస్తువు మీద కనపడే రూపమా, లేక ఆ వస్తువుకి జరిగిన సంగతా? రూపమే అయితే తయారు చేసుకోవచ్చు, తప్పేం లేదు. జరిగిన సంగతి అయితే మాత్రం, దాన్ని తయారు చెయ్యడాన్ని ఏమనాలి? కథలు రాసేవాళ్ళకీ చదివేవాళ్ళకీ ఈ ప్రశ్న కొత్తేమీ కాదు. ఆ ధైర్యంతోనే ఒక ట్రక్కు రంగు గురించి ఇక్కడ రాస్తున్నాను.

ఈ పనిని అక్కడ ‘ఫో పాటినా’ అంటారు. ఫో అనేది ఫ్రెంచి మాట, నకిలీ అని అర్థం. పాటినా అంటే లోహం మీదో, చెక్క మీదో, రంగు మీదో కాలం తీసుకొచ్చే మార్పు. అదీ చూడ్డానికి బాగుండే మార్పు. ఈ ‘బాగుండే’ అన్న చోటే మనకి ఇబ్బంది. రాగి చెంబు మీద పచ్చగా పేరుకునేదాన్ని కిలుము అంటాం, ఇనుము మీద వచ్చేదాన్ని తుప్పు అంటాం. రెండూ మెచ్చుకునే మాటలు కావు. పండగొస్తే చింతపండు పెట్టి తోమి తళతళలాడించేదాకా ఇంట్లో ఊరుకోరు. కాలం పెట్టిన గుర్తుని చెరిపేయడమే మన ఇళ్ళల్లో శుభ్రత. మరి అదే ఇంట్లో పెళ్ళొస్తే ‘యాంటిక్ ఫినిష్’ నగలు కొంటాం. నిన్న చేసిన హారం ముత్తవ్వ పెట్టెలోంచి తీసినట్టు కాస్త మసకబారి ఉండాలి. కాబట్టి ఇదంతా అమెరికా వాళ్ళ వెర్రి అని పక్కన పెట్టేయలేం.

ఇక్కణ్ణుంచి రెండు మాటలు వాడతాను. ఒకటి వచ్చిన పాటినా, ఇంకోటి వేసిన పాటినా.

* * *

వేసినదాని మంచిచెడ్డలు తెలియాలంటే ముందు వచ్చినదాన్ని చదవడం రావాలి. జనరల్ మోటార్స్ 1947 నుంచి 1955 మొదటి నెలల దాకా ‘అడ్వాన్స్ డిజైన్’ పేరుతో షెవర్లే ట్రక్కులు చేసింది. గుండ్రటి బానెట్, ఉబ్బిన మడ్‌గార్డులు, ముందు అడ్డ పట్టీల గ్రిల్. ఆ వరసలో చిన్నది 3100, అర టన్ను తరగతి బండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా పల్లెల్లో, చిన్న ఊళ్ళలో బాగా తిరిగిన పనిబండ్లలో ఇదొకటి. పాటినా వేసేవాళ్ళకి ఇవాళ బాగా ఇష్టమైన బండ్లలోనూ ఇదొకటి.

అలాంటి ట్రక్కు ఆరిజోనాలో ఆరుబయట ఏళ్ళ తరబడి నిలబడి ఉందనుకోండి. ఎండ నేరుగా పడేది టాపు మీద, బానెట్ పైభాగం మీద, మడ్‌గార్డుల వీపు మీద. రంగుపొడిని పట్టి ఉంచే జిగురుని అతినీలలోహిత కిరణాలు మెల్లగా తినేస్తాయి. రంగు ముందు మెరుపు పోగొట్టుకుంటుంది. తర్వాత సుద్దలా చేతికి అంటుకుంటుంది. ఆ తర్వాత పలచబడి కింద ప్రైమర్ బయటపడుతుంది. ప్రైమర్ కూడా పోయాక రేకు, దాని మీద పలచటి తుప్పు. తలుపుల్లాంటి నిలువు భాగాల మీద మాత్రం పాత ఆకుపచ్చ ఇంకా మిగిలే ఉంటుంది. గాలిలో తడి తక్కువ కాబట్టి తుప్పు పైపైనే ఆగిపోతుంది, లోపల రేకు గట్టిగానే ఉంటుంది.

అదే బండి మిషిగన్‌లోనో ఒహాయోలోనో తిరిగి ఉంటే కథ తిరగబడుతుంది. చలికాలంలో మంచు కరగడానికి అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళని చక్రాలు బండి అడుగుకి చిమ్ముతాయి. అందుకని తుప్పు కింద నుంచి మొదలవుతుంది. తలుపుల కింది అంచులు, క్యాబిన్ మూలలు, ఫుట్‌బోర్డు ముందు పోతాయి. తుప్పు తను తిన్న ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే రంగుని లోపల్నుంచి పొక్కులా లేపి పగలగొడుతుంది. అక్కడ పోయేది రంగు ఒక్కటే కాదు, రేకుకే చిల్లులు పడతాయి. ఒక బండి పైనుంచి కిందికి పాతబడింది, ఇంకోటి కిందినుంచి పైకి. తెలిసినవాళ్ళు దగ్గరగా చూసి ఆ బండి ఎలాంటి ప్రాంతంలో బతికిందో చెప్పేస్తారు.

ఇదంతా ఎండా వానా ఉప్పూ రాసింది. రాసిన చెయ్యి ఇంకోటి కూడా ఉంది. అమెరికాలో స్టీరింగు ఎడమవైపు కదా, ఆ ఎడమ తలుపు కిటికీ అంచు మీద రంగు ఒకచోట నున్నగా అరిగిపోయి ఉంటుంది. ఎవరో మోచెయ్యి అక్కడ ఆనించి ఏళ్ళ తరబడి బండి నడిపారు. తలుపు పిడి వెనక గోళ్ళ గీతలుంటాయి. వెనక తొట్టి అంచుల మీద తాళ్ళు రాసుకున్న జాడ ఉంటుంది. తొట్టి అడుగున చెక్క పలకలు మధ్యలో అరిగి, మూలల్లో బాగుంటాయి. బరువులు మధ్యలోనే లాగారు. ఎండ ఇలా ఏరి ఏరి ఒక్కచోటే అరగదీయదు. ఇది మనిషి పని చేస్తే వచ్చిన అరుగుదల.

మా ఉద్యోగాల్లో లాగ్ ఫైలు అని ఒకటుంటుంది. ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు ఏ క్షణంలో ఏం జరిగిందో అందులో వరసగా పడుతూ ఉంటుంది. ఎవరో చదివి మెచ్చుకోవాలని రాసింది కాదది. అందుకే అర్ధరాత్రి ఏదన్నా తేడా వస్తే, మనుషులు చెప్పేదానికన్నా ముందు దాన్ని తెరుస్తాం. వచ్చిన పాటినా అలాంటిది. అది ఎవరి మెప్పు కోసమూ ఏర్పడలేదన్న సంగతి తెలియడం వల్లే మనకి అంత నచ్చుతుంది.

* * *

ఇక వేసే పద్ధతి. పనివాళ్ళు ఆ పొరల క్రమాన్నే కింద నుంచి పైకి కడతారు. రేకుని శుభ్రం చేసి ప్రైమర్ కొట్టాక, తుప్పు కనపడాల్సిన చోట్ల ముదురు గోధుమ, ఇటిక ఎరుపు, కాషాయం, కొంచెం పసుపు, ఇలా నాలుగైదు రంగులు స్పాంజితో అద్దుతారు, కొన్నిచోట్ల తుంపరలా చిమ్ముతారు. ఒక్క గోధుమరంగే వేస్తే తుప్పులా ఉండదు, చాక్లెట్ పూసినట్టు ఉంటుంది. దాని మీద ప్రైమర్ రంగులో ఒక పొర, దాని పైన బండి అసలు రంగు. అది ఆరాక నీళ్ళు పోస్తూ వాటర్ పేపరుతో, స్కాచ్‌బ్రైట్ పీచుతో రుద్దుతారు. అంచుల మీద ఎక్కువ, పల్లాల్లో తక్కువ. రుద్దేకొద్దీ ఆకుపచ్చ కింద ప్రైమరూ, ప్రైమర్ కింద తుప్పూ తేలతాయి.

చిన్న చిన్న పెచ్చులు లేచినట్టు కావాలంటే ఉప్పు వాడతారు. తుప్పు రంగు మీద నీళ్ళు చల్లి రాళ్ళుప్పు అంటిస్తారు, ఆరాక పైన రంగు కొడతారు, తర్వాత ఉప్పు కడిగేస్తారు. ఉప్పు ఉన్న చోటల్లా కింది తుప్పు బయటపడుతుంది. బొమ్మ ట్యాంకులు, విమానాలు చేసేవాళ్ళు ఎప్పట్నుంచో వాడుతున్న చిట్కా ఇది. కొందరికి రంగుతో తృప్తి ఉండదు. ఉత్త రేకు మీద వెనిగరూ, ఉప్పూ, హైడ్రోజన్ పెరాక్సైడూ కలిపి కొట్టి, చూస్తుండగానే నిజం తుప్పు రప్పిస్తారు. ఆ తుప్పు రసాయన శాస్త్రం ప్రకారం పూర్తిగా నిజం. ఆ బండి చరిత్ర ప్రకారం అబద్ధం. నిజం–నకిలీ అన్న జంట అనుకున్నంత సులువుగా విడిపోదని ఇక్కడే తెలుస్తుంది.

ఈ పనిలో బాగా చేసినదానికీ, నాసిరకానికీ తేడా ఎక్కడుంది? నాసిరకంలో తుప్పు బండంతా సమానంగా పంచినట్టు ఉంటుంది. ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ ఒక మచ్చ. ఆరిజోనా టాపు, మిషిగన్ అడుగు, రెండూ ఒకే బండి మీద. మచ్చలన్నీ ఉన్నాయి, మచ్చకి కారణమే లేదు. బాగా చేసినదాంట్లో ప్రతి మచ్చకీ వెనక ఒక ‘ఎందుకంటే’ ఉంటుంది. ఇక్కడ ఎండ పడుతుంది, ఇక్కడ నీళ్ళు నిలుస్తాయి, ఇక్కడ చెయ్యి తగులుతుంది. పనివాడు రంగు వేసే ముందు జరగని డెబ్బై ఏళ్ళని మనసులో ఒకసారి నడిపించుకోవాలి. నవల రాసేవాళ్ళు చేసే పని కూడా ఇలాంటిదే.

కంప్యూటర్ గ్రాఫిక్స్ వాళ్ళు ఈ సమస్యని ముందే ఎదుర్కొన్నారు. కెన్ పెర్లిన్ అనే ఆయన 1982లో వచ్చిన ‘ట్రాన్’ సినిమాకి పనిచేశాడు. కంప్యూటర్ గీసిన బొమ్మలు మరీ యంత్రంలా, మచ్చ లేకుండా ఉండటం ఆయనకి నచ్చలేదు. ప్రకృతిలో ఉండే క్రమం లేని క్రమాన్ని తెచ్చే ఒక గణిత పద్ధతి తయారు చేసి 1985లో ప్రచురించాడు. దాన్ని పెర్లిన్ నాయిజ్ అంటారు. 1997లో ఆయనకి దీనికే ఆస్కార్ అకాడమీ వాళ్ళ సాంకేతిక పురస్కారం వచ్చింది. పాలరాయి చారలు, మబ్బులు, తుప్పు, అన్నిటికీ ఈ నాయిజ్ పనికొచ్చింది. కానీ తుప్పుకి అదొక్కటే చాలలేదు. ఎక్కడ అంచు ఉందో, ఎక్కడ గుంట ఉందో లెక్కగట్టి, అంచుల్లో అరుగుదల, గుంటల్లో మురికి పెట్టే పరికరాలు తర్వాత వచ్చాయి. వాటర్ పేపరు పట్టుకున్న పనివాడి చేతికి తెలిసిన విద్యే ఇది.

ఇక్కడ పిక్సార్ వాళ్ళ ‘కార్స్’ సినిమాలోని మేటర్ గుర్తుకు రావాల్సిందే. తుప్పు పట్టిన టో ట్రక్కు పాత్ర అది. కాన్సస్ రాష్ట్రంలో గలీనా అనే చిన్న ఊళ్ళో నిలబడి ఉన్న 1951 నాటి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ బండిని చూసి ఆ పాత్ర ఊహించారు. మేటర్ ఒంటి మీద తుప్పంత నకిలీ తుప్పు ఇంకోటి ఉండదు. అందులో ఇనుమే లేదు. కానీ 2011లో వచ్చిన రెండో సినిమాలో, వేషం మార్చడానికి ఒంటి మీది సొట్టలు తీసేస్తామంటే మేటర్ ఒప్పుకోడు. ఆ సొట్టలన్నీ తన స్నేహితుడితో తిరిగినప్పుడు పడినవి, వాటిని ఎవర్నీ ముట్టుకోనివ్వనంటాడు. పిల్లల సినిమాలో వచ్చే ఈ చిన్న సన్నివేశం పాటినా గురించి చాలా పుస్తకాల కన్నా సూటిగా మాట్లాడుతుంది. సొట్ట విలువ దాని ఆకారంలో లేదు, అది పడినప్పుడు పక్కన ఎవరున్నారన్న దాంట్లో ఉంది.

* * *

పాతదనం మీద మోజు, దాన్ని తయారు చేసి అమ్మడం, రెండూ ట్రక్కుల కన్నా చాలా పాతవి. విలియం హోగార్త్ 1761లో ఒక ఎచ్చింగు చేశాడు. అందులో కాలపురుషుడు ఒక వర్ణచిత్రం ముందు కూర్చుని, చుట్ట గొట్టంలోంచి దాని మీదకి పొగ ఊదుతుంటాడు. ఆయన కొడవలి కాన్వాసుని చీల్చేసి ఉంటుంది. పక్కనే పెద్ద వార్నిష్ జాడీ. నల్లబడితేనే గొప్ప చిత్రమని మురిసిపోయే లండన్ రసికుల మీద వెక్కిరింత అది. కాలుడి పక్కన వార్నిష్ జాడీ పెట్టడంలోనే ఉంది చమత్కారమంతా. కాలానికీ అంగడికీ అప్పటికే పొత్తు కుదిరిందన్నమాట.

ఈ మోజుకి సిద్ధాంతం రాసినవాళ్ళలో ముఖ్యుడు వియన్నాకి చెందిన ఆలోయిస్ రీగల్. 1903లో పాత కట్టడాల పరిరక్షణ గురించి రాస్తూ ఆయన రెండు విలువల్ని విడదీశాడు. ఒకటి చారిత్రక విలువ. ఇది ఫలానా కాలానిది అని తెలిస్తే వచ్చేది, దానికి చదువు కావాలి. రెండోది వయసు విలువ. దీనికి చదువు అక్కర్లేదు. శిథిలమవుతున్న గోడని చూస్తే ఎవరికైనా కాలం గడిచిందన్న అనుభూతి కలుగుతుంది. అయితే రీగల్ దీంతో ఒక చిక్కు కూడా చూపించాడు. వయసు విలువని గౌరవించాలంటే క్షయాన్ని ఆపకూడదు. గోడ ఇంకా కూలుతూనే ఉండాలి. ఆపిన క్షణం నుంచి అది వయసు కాదు.

ఇప్పుడు మళ్ళీ మన క్లియర్ కోటు దగ్గరికి రండి. వేసిన పాటినా వయసులా కనిపిస్తుంది గానీ దానికి వయసు రాదు. ఇవాళ ఎలా ఉందో పదేళ్ళ తర్వాతా అలాగే ఉండాలని యజమాని కోరిక. కొత్త గీత పడితే బాధపడతాడు, ఎందుకంటే ఆ గీత డిజైనులో లేదు. రీగల్ ‘కొత్తదనపు విలువ’ అని ఇంకోదాని గురించి కూడా చెప్పాడు, అప్పుడే పూర్తయిన వస్తువులో ఉండే నిండుదనం. నాకు ఈ ట్రక్కు అందులోకే వస్తుందనిపిస్తుంది. ముసలి వేషం వేసిన కొత్త బండి అది.

అయినా దీన్ని వెనకేసుకొచ్చేవాళ్ళ మాటలు తోసిపారేయలేం. వాళ్ళు చెప్పేది ఇది. చాలా పాత బండ్లకి అసలు రంగు ఎప్పుడో పోయింది. మధ్యలో ఎవరో రెండుసార్లు రంగు వేయించారు. కాపాడ్డానికి అసలు పాటినా అంటూ ఏమీ మిగల్లేదు. మరి ఏదో ఒక రంగు వెయ్యాల్సిందే కదా, అద్దంలా మెరిసే రంగే ఎందుకు వెయ్యాలి? ఆ మెరిసే బండ్లు ప్రదర్శనల్లో తాళ్ళ వెనక నిలబడతాయి. వాటి మీద ఎవరూ గడ్డిమోపు వెయ్యరు, వానలో బయటికి తియ్యరు. పాటినా బండిని మాత్రం కిరాణా కొట్టుకి తీసుకెళ్ళొచ్చు, పిల్లలు ఎక్కొచ్చు, కుక్క దూకొచ్చు. ఇది బలమైన వాదనే. పనిబండిని పనిబండిలా ఉంచడం, మెరుగు పెట్టి దేవుణ్ణి చేసి కూర్చోబెట్టడం కన్నా దానికి ఎక్కువ మర్యాద.

అందుకే నా అభ్యంతరం మొత్తం పని మీద కాదు, అందులో ఒక భాగం మీద. ఎండా వానా ఎవరి సొత్తూ కావు. వాటిని రంగుతో అనుకరించడం చిత్రకళ. మబ్బుని గీసినవాణ్ణి మబ్బుని దొంగిలించావని అనం. కానీ మోచెయ్యి ఆనిన చోటు ఒక మనిషిది. దాన్ని గీసినప్పుడు, లేని ఒక మనిషినీ, జరగని పనినీ పుట్టించినట్టే.

ఇది ఎక్కడ పచ్చిగా బయటపడుతుందంటే, తలుపు మీద. ఇలాంటి ట్రక్కుల తలుపుల మీద తరచుగా ఒక పాత దుకాణం పేరు ఉంటుంది. ఫలానా ప్లంబింగ్ అనో, ఫలానా డెయిరీ అండ్ సన్స్ అనో, కింద ఊరి పేరు, పొట్టి ఫోన్ నంబరు. చేత్తో రాసినట్టు రాసి, తర్వాత సగం చెరిగిపోయేదాకా రుద్దుతారు. నిజంగా ఉన్న దుకాణం పేరయితే సరే. చాలాసార్లు అలాంటి దుకాణమే ఉండదు. ఆ ‘అండ్ సన్స్’ దగ్గర నాకు అడ్డం పడుతుంది. ఒక తండ్రి, అతని కొడుకులు, వాళ్ళు తెల్లవారుజామున లేచి పాలు వేసిన ఇన్నేళ్ళు, ఇదంతా ఒక స్టెన్సిలూ ఒక వాటర్ పేపరూ కలిసి మధ్యాహ్నానికల్లా తయారుచేశాయి.

పోనీ, ఎవరికి నష్టం? ఇలా ఆలోచించండి. 1951లో ఆ బండి కొన్న రైతుకి దాని మీద తుప్పు అందం కాదు. డబ్బులు చేతిలో ఉంటే రంగు వేయించేవాడు. వేయించలేకపోయాడు కాబట్టో, ముందు కట్టాల్సిన అప్పు ఉంది కాబట్టో, ఇంకో ఏడాది ఆగుదామనుకున్నాడు. ఆ ఆగిన ఏళ్ళే పాటినా. అంటే అది లేమి పెట్టిన గుర్తు. చిరిగిన జీన్స్ కొనుక్కొచ్చిన కొడుకుని చూసి, అవతల పారెయ్, లేదా కుట్టిస్తానన్న అమ్మకి ఈ సంగతి ఎవరూ సిద్ధాంతంగా చెప్పక్కర్లేదు. చిరుగు ఆవిడకి ఫ్యాషన్ ఎప్పుడూ కాదు. లేమి లేనివాళ్ళకి లేమి గుర్తులు ముచ్చటగా కనపడతాయి. ఆ గుర్తుల్ని వాటి యజమానుల నుంచి విడదీసి అమ్మగలిగిన రోజున, ఆ యజమానుల కథ వినే అవసరం ఎవరికీ ఉండదు. నష్టం అదీ.

గిటార్ల లోకంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఫెండర్ కస్టమ్ షాప్ 1995లో ‘రెలిక్’ పేరుతో, ఫ్యాక్టరీలోనే అరగదీసిన గిటార్లు తెచ్చింది. ఎవరూ వాయించని వాయింపు వాటి మీద ఉంటుంది. ఐరిష్ గిటారిస్టు రోరీ గాలహర్ జీవితమంతా వాయించిన 1961 నాటి స్ట్రాటొకాస్టర్ సంగతి వేరు. దాని రంగు దాదాపు మొత్తం పోయింది. తర్వాత దానికి నకళ్ళు కూడా చేసి అమ్మారు, ఆ అరుగుదలతో సహా. నాకు ఈ నకళ్ళతో పేచీ లేదు. ఇది ఫలానా ఆయన గిటారుకి ప్రతి అని పేరు పెట్టి చెప్పారు. అది ఒక మనిషి చిత్తరువు లాంటిది. పేరు లేని అరుగుదల మాత్రం సంతకం లేని ఉత్తరం.

* * *

మరి దీనికి మర్యాదైన మార్గం ఏదన్నా ఉందా? ఉంది. అది చిత్రాల మరమ్మతు చేసేవాళ్ళ దగ్గర దొరుకుతుంది. రోమ్‌లో 1939లో పెట్టిన కేంద్ర పునరుద్ధరణ సంస్థకి మొదటి డైరెక్టరు చెజారె బ్రాండి. యుద్ధంలో ముక్కలైన కుడ్యచిత్రాలు వాళ్ళ ముందుకొచ్చాయి. రంగు రాలిపోయిన చోట ఏం చెయ్యాలి? ఖాళీగా వదిలేస్తే బొమ్మ అర్థం కాదు. ఊహించి గీసేస్తే అది మోసం. వాళ్ళు ‘త్రత్తేజ్జో’ అనే పద్ధతి పట్టుకున్నారు. పోయినచోట సన్నటి నిలువు గీతలతో రంగు నింపుతారు. దూరం నుంచి చూస్తే బొమ్మలో కలిసిపోతుంది. దగ్గరికొచ్చి చూస్తే గీతలు విడిగా కనిపించి, ఇది మేం పెట్టింది, ఇది అసలుది కాదు అని చెప్పేస్తాయి.

ట్రక్కు పనిలోనూ ఇలాంటి చోటు ఒకటుంది. నిజంగా పాతబడ్డ బండికి ఒక తలుపు చిల్లులు పడి పోయిందనుకోండి. కొత్త తలుపు తెచ్చి బిగిస్తే ఒంటి మీద కట్టు కట్టినట్టు ఉంటుంది. అప్పుడు ఆ కొత్త తలుపుకి పక్క రేకుకి తగ్గట్టు పాటినా వేస్తారు. ఈ విద్యలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. ఇక్కడ వేసింది వచ్చినదానికి సేవ చేస్తోంది. తలుపు తెరిస్తే లోపలి అంచున ఈ తలుపు ఏ సంవత్సరంలో మార్చారో, ఎవరు రంగు వేశారో రాసి ఉంటే ఇక అడగాల్సిందేమీ లేదు.

దూరం నుంచి కలిసిపోవాలి, దగ్గరికొస్తే తెలిసిపోవాలి. ఈ కొలబద్ద మన కథలకి కూడా పెట్టి చూడొచ్చు. హైదరాబాదులోనో, బెంగళూరులోనో, డాలస్‌లోనో కూర్చుని ఊరి కథలు రాసే తరం మాది. అలా రాయడం తప్పేం కాదు. రాసిన ప్రతివాడూ ఆ ఊళ్ళోనే ఉండి తీరాలంటే సగం సాహిత్యం ఉండదు. కానీ కొన్ని కథలు చదువుతుంటే స్పాంజి అద్దకాలు కనిపిస్తాయి. ఒక అరుగు, ఒక నులక మంచం, ఒక చింతచెట్టు, సంభాషణల్లో మాత్రం మాండలికం. వాక్యం ప్రామాణిక భాషలో కట్టి, పైన నాలుగు యాస మాటలు చల్లి, ఆరాక కడిగినట్టు ఉంటుంది. మచ్చలన్నీ ఉంటాయి, ‘ఎందుకంటే’ ఉండదు. మంచం నులక మధ్యలో ఎందుకు కుంగింది? అక్కడ ఎవరు ఎన్నేళ్ళు మంచాన పడి ఉన్నారు? ఆ ఇంట్లో ఎవరి వంతు వచ్చేసరికి అన్నం అడుగంటేది? ఇవి తెలిసి రాస్తే ఒక్క యాస మాట లేకపోయినా ఊరు వస్తుంది.

ఇంకో రకం కథలుంటాయి. వాటిలో ఊరు చాలా బాగుంటుంది, కానీ ఏ ఏడాదో తెలియదు. అక్కడ సెల్ టవర్ లేదు, వాటర్ ప్లాంటు లేదు, గల్ఫ్‌కి పోయినవాళ్ళు లేరు, పొలం ప్లాట్లు కాలేదు, ఎవరి కులం ఏంటో ఎవరూ అడగరు. రచయిత ఊరు వదిలిన రోజున దాని మీద క్లియర్ కోటు కొట్టేశాడు. ఆ తర్వాత కాసిన ఎండ ఒక్కటీ దానికి తగల్లేదు. చదివేవాళ్ళకి హాయిగా ఉంటుంది, కాదనను. ఆ ఊళ్ళో ఇప్పటికీ ఉంటున్నవాళ్ళు మాత్రం అందులో తమని తాము వెతుక్కోలేరు.

అందుకని, ఇలాంటి ట్రక్కు ఎప్పుడన్నా ఎదురైతే నా సలహా ఒకటే. ముందు కాస్త దూరంగా నిలబడి చూడండి, అందంగానే ఉంటుంది, ఆ అందాన్ని మెచ్చుకోండి. తర్వాత దగ్గరికి వెళ్ళి టాపు ఏ ఎండలో మాడిందో, అడుగు ఏ ఉప్పు తిన్నదో, రెండూ ఒకే ఊరి మాట చెబుతున్నాయో లేదో చూడండి. ఆఖర్న తలుపు మీద పేరు చదవండి. యజమాని పక్కనే ఉంటే, ఈ అండ్ సన్స్ ఎవరండీ అని అడగండి. జవాబుగా ఒక కథ వస్తే కాసేపు నిలబడి వినండి. జవాబు రాకపోతే, ఆ రంగు వేసిన పనివాడి పేరు అడిగి గుర్తుపెట్టుకోండి. ఆ బండి మీద నిజంగా జరిగిన పని అతను చేసిందే.